పిల్లలను కనడం ఒక పని, జన్యువులను కలపడం మరొక పని

[తెరపై: రెండు గడుల పట్టిక. ఎడమవైపు అలైంగిక ప్రత్యుత్పత్తి, కుడివైపు లైంగిక ప్రత్యుత్పత్తి.]

ఈ పట్టికను మీరందరూ ఏదో ఒక తరగతిలో చూసే ఉంటారు. ఎడమ గడిలో ‘ఒకే జనకజీవి, విత్తనం ఉండదు, నిమ్నస్థాయి జీవులలో కనిపిస్తుంది’ అని రాసి ఉంటుంది. కుడి గడిలో ‘ఇద్దరు జనకులు, విత్తనం లేదా పిండం, ఉన్నతస్థాయి జీవులలో కనిపిస్తుంది’ అని రాసి ఉంటుంది. బట్టీపట్టి మార్కులు తెచ్చుకోవడానికి ఇది అనువుగానే ఉంటుంది. కానీ ఇందులోని ప్రతి మాటకూ అడ్డం తిరిగే జీవి ఒకటి ప్రకృతిలో ఉండగా, ఈ పట్టిక తరతరాల విద్యార్థులకు ఇలాగే అందుతూ ఉండడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

బఠానీ మొక్కనే తీసుకోండి. దాని పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే అందులోని పుప్పొడి అదే పువ్వులోని కీలాగ్రం మీద రాలుతుంది, అక్కడే ఫలదీకరణ జరుగుతుంది, కాయ కడుతుంది. జనకజీవి ఒక్కటే అయినా ఇది నూటికి నూరుపాళ్లు లైంగిక ప్రత్యుత్పత్తే, ఎందుకంటే క్షయకరణ విభజన ద్వారా, అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన ద్వారా, తయారైన రెండు సంయోగబీజాలు (పురుష, స్త్రీ బీజకణాలు) కలిసి సంయుక్తబీజంగా మారాయి. డాండిలయన్ అనే పసుపుపచ్చ పూల మొక్క సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. దానికి పువ్వు ఉంది, విత్తనం ఉంది, ఆ విత్తనాన్ని గాలిలో ఎగరేసే నూగు కుచ్చు కూడా ఉంది. అయినా వాటిలో అనేక రకాలు ఫలదీకరణ లేకుండానే విత్తనం కడతాయి, ఆ విత్తనం నుంచి మొలిచేది తల్లి మొక్కకు అచ్చుగుద్దిన నకలు. ‘నిమ్నస్థాయి జీవులు’ అన్న మాటకు జవాబుగా కొమొడో డ్రాగన్ ఉంది. మూడు మీటర్ల పొడవు వరకు పెరిగి, జింకలను సైతం వేటాడే ఆ బల్లి జాతిలో, మగదానితో ఎన్నడూ కలవని ఆడది పెట్టిన గుడ్లలో పిండాలు పెరుగుతున్నాయని 2006లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జంతుప్రదర్శనశాలలో జన్యుపరీక్షల ద్వారా నిర్ధారించారు.

తప్పు ఎక్కడ ఉందంటే, మనం రెండు వేర్వేరు పనులను ఒకే పనిగా చూస్తున్నాం. ఒకటి, జీవుల సంఖ్య పెరగడం. రెండవది, రెండు మూలాల నుంచి వచ్చిన జన్యువులు ఒకచోట కలవడం. మనుషులలో ఈ రెండూ విడదీయరాని విధంగా ముడిపడి ఉన్నాయి కనుక ఇవి ఎప్పుడూ కలిసే జరుగుతాయని మనకు అనిపిస్తుంది. జీవప్రపంచంలో ఎక్కువ భాగానికి ఆ ముడి లేదు, లేదా వదులుగా ఉంది.

[తెరపై: సూక్ష్మదర్శినిలో పక్కపక్కన అతుక్కున్న రెండు పేరమీసియంలు.]

ఆ ముడి పూర్తిగా విడిపోయిన చోటు ఇదిగో, ఇక్కడ కనిపిస్తోంది. పేరమీసియం అనే ఏకకణ జీవి సంఖ్య పెరగాలంటే అది అడ్డంగా రెండుగా చీలుతుంది, దానికి జత అవసరం లేదు. అయితే అప్పుడప్పుడు, ముఖ్యంగా ఆహారం తగ్గినప్పుడు, రెండు పేరమీసియంలు నోటి గాడి వైపున ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒక్కొక్కదానిలోని చిన్న కేంద్రకం క్షయకరణ విభజన చెంది నాలుగవుతుంది, వాటిలో మూడు నశిస్తాయి, మిగిలిన ఒకటి రెండుగా విడిపోతుంది. ఆ రెండింటిలో ఒకటి సొంత కణంలోనే ఉండిపోతుంది, రెండవది అవతలి కణంలోకి వెళుతుంది. అలా అటూ ఇటూ మారిన కేంద్రకాలు అక్కడ ఉన్న కేంద్రకాలతో కలిసిపోయాక, రెండు కణాలూ విడిపోయి ఎవరి దారిన అవి ఈదుకుంటూ వెళ్లిపోతాయి. లోపలికి వచ్చినవి రెండు, బయటికి వెళ్లినవి రెండు. కొత్త జీవి ఒక్కటి కూడా పుట్టలేదు, కానీ వచ్చిన రెండూ వెళ్లేటప్పటికి జన్యుపరంగా మారిపోయాయి. లైంగిక ప్రక్రియ ఆసాంతం జరిగింది, ప్రత్యుత్పత్తి మాత్రం జరగలేదు. ఈ ఒక్క దృశ్యాన్ని పాఠం మొదట్లోనే చూపిస్తే ఆ పట్టిక అవసరమే ఉండదని నా నమ్మకం.

ఇక ఈ రెండు పనులనూ విడివిడిగా, ఒకే సంవత్సరంలో, ఒక క్రమం ప్రకారం చేసి చూపించే జీవి ఒకటి ఉంది. దానిని మొక్కల లేత చిగుళ్ల మీద మీరు చూసే ఉంటారు. అది పేనుబంక.

[తెరపై: లేత కాడ మీద ఆకుపచ్చ పేనుబంక, దాని వెనుక భాగం నుంచి బయటికి వస్తున్న పిల్ల.]

వసంతకాలం నుంచి వేసవి చివరి వరకు కనిపించే పేనుబంకలన్నీ ఆడవే. అవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలను కంటాయి, అందుకు మగ పేనుబంక అవసరం లేదు. దీనినే అనిషేక జననం అంటారు. తల్లి తన తొండాన్ని కాడలో దించి రసం పీలుస్తూ ఉండగానే, వెనుక భాగం నుంచి పిల్ల తోక ముందుగా బయటికి వస్తుంది, చివర్లో కాళ్లను విడిపించుకుని, కాడను పట్టుకుని, అక్కడి నుంచి నడిచి వెళ్లిపోతుంది. భూతద్దంతో ఓపికగా చూసేవారికి ఇదంతా కంటి ఎదుటే జరుగుతుంది. ఇంతకంటే ఆశ్చర్యకరమైన విషయం లోపల ఉంది: ఇంకా పుట్టని ఆ పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లల పిండాలు పెరగడం మొదలై ఉంటుంది. అంటే ఒకే శరీరంలో అమ్మ, కూతురు, మనవరాలు మూడు తరాలుగా ఒకరి లోపల ఒకరు ఉంటారు. అనుకూలమైన వాతావరణంలో పుట్టిన పిల్ల వారం పది రోజులలోనే తల్లి అవుతుంది. నాలుగు రోజుల క్రితం శుభ్రంగా ఉన్న చిగురు ఇంతలోనే పేనుబంకతో కప్పబడిపోవడానికి కారణం ఇదే.

ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన వ్యక్తి జెనీవాకు చెందిన చార్ల్స్ బొన్నే. 1740లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన అప్పుడే పుట్టిన ఒక పేనుబంకను వేరుచేసి, మరే పేనుబంకా దరిచేరని విధంగా గాజుపాత్ర కింద ఉంచి, రోజుల తరబడి గమనించాడు. అది ఒంటరిగానే పెరిగింది, ఒంటరిగానే పిల్లలను కన్నది. మగజీవి లేకుండా సంతానం కలగడమన్నది అప్పటివరకు ఊహల స్థాయిలోనే ఉండగా, ఆ యువకుడి ఓర్పు దానిని రుజువైన సత్యంగా మార్చింది.

ఇలా పుట్టే సంతానం తల్లికి నకలు ఎందుకు అవుతుందో చెప్పడానికి ఎక్కువ సమయం అక్కరలేదు. సాధారణంగా అలైంగిక ప్రత్యుత్పత్తికి ఆధారం సమవిభజన, అంటే క్రోమోజోములన్నీ ఒకసారి రెట్టింపై రెండు సమాన వాటాలుగా విడిపోవడం. బాక్టీరియాలో సమవిభజన యంత్రాంగం లేకపోయినా, డీఎన్ఏ నకలు తయారై రెండు కణాలకూ చేరడం అన్న మూలసూత్రం ఒక్కటే. ద్విధా విచ్ఛిత్తి, ఈస్ట్‌లోనూ హైడ్రాలోనూ కనిపించే కోరకీభవనం, సిద్ధబీజాలు, దుంపలు, పిలకలు అన్న పేర్లన్నీ మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ వల్లె వేయను. వీటిలో ఒక్కదానిని మాత్రం దగ్గర నుంచి చూడమని కోరుతాను, అది రణపాల ఆకు. ఆ ఆకు అంచున ఉండే ప్రతి నొక్కు దగ్గరా ఒక చిన్న మొలక పుడుతుంది. ఆవగింజంత రెండు ఆకులు, వాటి కింద దారపు పోగు లాంటి వేర్లు ఏర్పడ్డాక నేలను తాకితే చాలు, అది స్వతంత్రమైన మొక్క అయిపోతుంది. పువ్వు లేదు, పుప్పొడి లేదు, నిరీక్షణ లేదు.

అలాంటప్పుడు అసలైన ప్రశ్న ఎదురవుతుంది. ఇంత వేగంగా, ఇంత సులువుగా ఒంటరిగానే పిల్లలను కనగలిగినప్పుడు, జతను వెతుక్కోవడం, మగజీవులను పుట్టించడం అన్న శ్రమ ఎందుకు? ఇది తేలిక ప్రశ్న అనుకోకండి. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ 1970లలో దీనిని లెక్క రూపంలో ముందుకు తెచ్చాడు. ప్రతి తల్లికీ ఇద్దరే పిల్లలు బతుకుతారనుకుందాం. ఒంటరిగా కనే తల్లికి ఇద్దరూ ఆడపిల్లలే, ఆ ఇద్దరికీ మళ్లీ ఇద్దరేసి, అలా పది తరాలు గడిచేసరికి ఆమె వంశంలో 1024 మంది తల్లులు ఉంటారు. జతకట్టి కనే తల్లికి సగటున ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు పిల్లలను మోయడు కనుక పది తరాల తరువాత కూడా అక్కడ ఉండే తల్లి ఒక్కతే. ఈ లెక్క ప్రకారం లైంగిక ప్రత్యుత్పత్తి ఎప్పుడో అంతరించి ఉండాలి. అయినా కంటికి కనిపించే జీవులలో అత్యధిక భాగం దానినే పట్టుకుని ఉన్నాయి. అంత నష్టాన్ని పూడ్చగల లాభం ఏదో దానిలో ఉండి తీరాలి.

[తెరపై: ఒకే వీధిలో వరుసగా వంద తలుపులు, అన్నిటికీ ఒకే రకం తాళం.]

ఆ లాభాన్ని వివరించడానికి నాకు బాగా నచ్చిన పోలిక తాళం. ఒక వీధిలో వంద ఇళ్లు ఉన్నాయి, అన్నిటికీ ఒకే తాళం వేశారు. తాళం చాలా గట్టిది, చవకగా నకళ్లు తీయవచ్చు, వంద ఇళ్లకూ ఒకే రోజులో బిగించవచ్చు. దొంగ రానంత కాలం ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ ఒక్క దొంగ ఒక్క ఇంటి తాళంచెవిని తయారు చేసుకున్న రోజున, మిగిలిన తొంభైతొమ్మిది ఇళ్లూ తెరిచి పెట్టినట్టే. ఇక్కడ దొంగ అంటే పరాన్నజీవి, వ్యాధికారక క్రిమి. తాళం అంటే ఆతిథేయి, అంటే ఆ క్రిమికి ఆశ్రయమయ్యే జీవి, జన్యువులు నిర్మించిన రక్షణ.

ఐర్లండ్‌లో జరిగింది ఇదే. ఆ దేశపు పేదలు దుంపలను నాటి పండించే లంపర్ అనే ఒకే రకం బంగాళాదుంప మీద ప్రధానంగా ఆధారపడ్డారు. దుంప నుంచి దుంప, నకలు నుంచి నకలు. 1845లో ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ అనే శిలీంధ్రం వంటి జీవి ఆ పొలాలను చేరింది, ఒక పొలంలో పనిచేసిన తాళంచెవి ప్రతి పొలంలోనూ పనిచేసింది. ఆ తరువాతి సంవత్సరాల కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతటి ప్రాణనష్టానికి పాలకుల విధానాలు కూడా కారణమేనన్నది నిజం, అయితే పంట మొత్తం ఒక్కసారిగా కుళ్లిపోవడానికి కారణం మాత్రం ఆ ఏకరూపతే. అరటి కథ కూడా ఇలాంటిదే. గింజలేని అరటికి క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు సెట్లు ఉంటాయి, మూడింటిని సమంగా పంచడం క్షయకరణ విభజనకు సాధ్యం కాదు, అందుకే అది పిలకల ద్వారానే కొనసాగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ప్రపంచ ఎగుమతి మార్కెట్‌ను ఏలిన గ్రోస్ మిషెల్ రకాన్ని పనామా తెగులు తోటలకు తోటలుగా తుడిచిపెట్టింది. దాని స్థానంలో దానిని తట్టుకోగల కావెండిష్ రకాన్ని తెచ్చారు, అదీ ఒకే తాళమే. ఇప్పుడు అదే తెగులును కలిగించే ట్రాపికల్ రేస్ 4 అనే కొత్త దొంగ దానికి సరిపోయే తాళంచెవితో ఖండాలు దాటి వస్తోంది. ఒకసారి చూసిన పాఠాన్నే మళ్లీ అదే పంటతో చూడవలసి రావడం నిజంగా విచారకరం.

లైంగిక ప్రత్యుత్పత్తి చేసే పని ప్రతి తరంలోనూ ప్రతి ఇంటికీ కొత్త తాళం అమర్చడం. గమనించండి, తాళాలు చేసేవాడు కొత్త లోహాన్ని తీసుకురావడం లేదు. అతడు రెండు పాత తాళాలను విప్పి, ఒక్కొక్కదాని నుంచి సగం భాగాలను తీసుకుని, మూడవ తాళాన్ని బిగిస్తున్నాడు. క్షయకరణ విభజనలో జరిగేది అక్షరాలా ఇదే. మనిషిలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి, ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చినవి. అండం గానీ శుక్రకణం గానీ తయారయ్యేటప్పుడు ప్రతి జత నుంచి ఒక్కటే వెళుతుంది, ఏది వెళుతుందన్నది ప్రతి జతలోనూ స్వతంత్రంగా నిర్ణయమవుతుంది. అంటే ఒక్క వ్యక్తి నుంచి 83 లక్షలకు పైగా వేర్వేరు కూర్పులు సాధ్యమవుతాయి, ఇద్దరు వ్యక్తుల సంతానానికి అది సుమారు 70 లక్షల కోట్లు అవుతుంది. ఇందులో వినిమయాన్ని లెక్కలోకి తీసుకోనేలేదు. విభజనకు ముందు జత క్రోమోజోములు పక్కపక్కన చేరి తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకుంటాయి కనుక అసలు సంఖ్య దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. తోబుట్టువుల పోలికలు కలిసినా వారి తాళాలు కలవకపోవడానికి కారణం ఇదే. ఒకే సంయుక్తబీజం రెండుగా విడిపోగా పుట్టిన కవలలు మాత్రమే దీనికి మినహాయింపు.

ఇది కేవలం వాదన కాదు, దీనికి క్షేత్రంలో దొరికిన ఆధారం ఉంది. న్యూజిలాండ్ సరస్సులలో ఉండే ఒక చిన్న మంచినీటి నత్త జాతిలో ఒంటరిగా పిల్లలను కనే ఆడవీ ఉన్నాయి, జతకట్టి కనేవీ ఉన్నాయి. జీవశాస్త్రవేత్త కర్టిస్ లైవ్లీ 1987లో ప్రచురించిన పరిశీలనలో, పరాన్నజీవి పురుగులు ఎక్కువగా ఉన్న సరస్సులలోనే మగ నత్తలు కూడా ఎక్కువగా ఉన్నాయని తేలింది. దొంగల బెడద ఉన్న చోట తాళాలు మార్చేవారు నిలిచారు, బెడద లేని చోట నకళ్లు తీసేవారు గెలిచారు. జీవపరిణామ శాస్త్రంలో ఇంత అందమైన పరిశీలనలు అరుదు.

తాళానికి మరొక చిక్కు ఉంది, అది దొంగతో సంబంధం లేనిది. నకలు తీసే ప్రతిసారీ ఎక్కడో ఒక చిన్న గీత పడుతుంది. దానినే ఉత్పరివర్తనం అంటాం, అది చాలాసార్లు ఏ ప్రభావమూ లేనిది, కొన్నిసార్లు హానికరమైనది. నకలు నుంచి నకలు తీస్తూ పోతే పాత గీతలన్నీ అలాగే ఉండి కొత్తవి చేరుతూ ఉంటాయి, వెనక్కి వెళ్లే దారి దాదాపు ఉండదు. ఈ వాదాన్ని 1964లో జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ స్పష్టంగా ప్రతిపాదించాడు. రెండు తాళాలను విప్పి కలిపేటప్పుడు మాత్రం, దీనిలోని గీతపడని భాగాన్నీ దానిలోని గీతపడని భాగాన్నీ చేర్చి, తల్లిదండ్రులిద్దరి కంటే శుభ్రమైన తాళం తయారయ్యే అవకాశం ఉంటుంది. గీతలన్నీ ఒకేచోట చేరిన తాళాలు కూడా తయారవుతాయి, అవి నిలవవు, వాటితో పాటే ఆ గీతలూ పోతాయి.

[తెరపై: ఆకులు రాలుతున్న కొమ్మ, దాని మీద నల్లని చిన్న గుడ్లు.]

ఇప్పుడు పేనుబంక దగ్గరికి తిరిగి వద్దాం. వేసవి అంతా నకళ్లు తీసిన ఆ జీవి, పగటి సమయం తగ్గి చలి మొదలవుతుండగా తన పద్ధతిని మార్చుకుంటుంది. ఆడ పేనుబంకకు ఎక్స్ క్రోమోజోములు రెండు ఉంటాయి, మగదానికి ఒక్కటే. శరదృతువులో తల్లి ఒక ఎక్స్ క్రోమోజోమును వదిలేసిన అండం నుంచి మగపిల్లను పుట్టిస్తుంది. అంటే మగజీవి సైతం తండ్రి లేకుండానే పుడుతుంది! అదే కాలంలో, గుడ్లు పెట్టగల ఆడవి కూడా పుడతాయి. ఈ రెండూ జతకట్టాక పెట్టిన గుడ్లు చలికాలమంతా కొమ్మ బెరడును అంటిపెట్టుకుని ఉంటాయి. మగ పేనుబంకలో ఎక్స్ లేని శుక్రకణాలు పనికిరాకుండా నశిస్తాయి కనుక, గుడ్లన్నీ వసంతంలో ఆడపిల్లలుగానే పొదుగుతాయి. ప్రతి ఒక్కటీ కొత్త తాళంతో వస్తుంది, ప్రతి ఒక్కటీ మళ్లీ నకళ్లు తీయడం మొదలుపెడుతుంది. చలికాలం అంత తీవ్రంగా ఉండని ప్రాంతాలలో అనేక పేనుబంకలు ఈ లైంగిక దశను పూర్తిగా వదిలేసి ఏడాది పొడవునా ఒంటరిగానే కొనసాగుతాయి.

సమయం దగ్గరపడింది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. తేనెటీగలలో ఫలదీకరణ చెందిన గుడ్డు ఆడది అవుతుంది, చెందనిది మగది అవుతుంది. అందువల్ల పోతుటీగకు తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. మలేరియా పరాన్నజీవి మన రక్తకణాలలో అలైంగికంగా పెరుగుతుంది, దాని సంయోగబీజాల కలయిక దోమ కడుపులో జరుగుతుంది. బాక్టీరియాలో ఒక కణం నుంచి మరొక కణానికి డీఎన్ఏ చేరవేసే ఏర్పాటు ఉందని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు, అక్కడ కూడా జన్యువులు కలుస్తాయి, సంఖ్య పెరగదు. డెలాయిడ్ రోటిఫెర్లు అనే సూక్ష్మజీవులలో మగజీవిని ఇంతవరకు ఎవరూ చూడలేదు, అయినా అవి కోట్ల సంవత్సరాలుగా నిలిచి ఉన్నాయి. తాళం పోలికకు అవి ఇప్పటికీ పెద్ద సవాలే.

చివరగా, ఈ అంశం ఎత్తిన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్న: బల్లి చేయగలిగినది క్షీరదం ఎందుకు చేయలేదు? మన జన్యువులలో కొన్నింటి మీద, అవి తల్లి నుంచి వచ్చాయా తండ్రి నుంచి వచ్చాయా అన్నదానిని బట్టి వేర్వేరు రసాయనిక ముద్రలు పడతాయి. తల్లి ముద్ర ఉన్న కొన్ని జన్యువులు మౌనంగా ఉంటాయి, తండ్రి ముద్ర ఉన్నవి పనిచేస్తాయి, మరికొన్నింటిలో ఇది తారుమారు అవుతుంది. రెండు వాటాలూ తల్లివే అయితే కొన్ని జన్యువులు అసలు పనిచేయవు, కొన్ని రెట్టింపుగా పనిచేస్తాయి, మావి సరిగ్గా ఏర్పడదు, పిండం నిలవదు. 1984లో ఎలుకల పిండాల మీద జరిగిన ప్రయోగాలు దీనిని చూపించాయి. 2022లో చైనా పరిశోధకులు ఫలదీకరణ చెందని ఒకే ఎలుక అండంలో, ఆ ముద్రలు ఉన్న అనేక స్థానాలను పనిగట్టుకుని సవరించి, దాని నుంచి పిల్ల ఎలుకను పుట్టించగలిగారు. అది పెరిగి పెద్దదై, తానూ పిల్లలను కన్నది.